తాంబూలాల నుంచి తలంబ్రాల దాకా ఎన్ని కిలోలు?

ఆత్మకూరులో పెళ్లి జాకెట్లు కుట్టే టైలరు దగ్గర ఒక పూట కూర్చుంటే ఈ మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది.

"అక్కా, నడుము దగ్గర రెండంగుళాలు తగ్గించి కుట్టు. పెళ్లి నాటికి నేను తగ్గిపోతా."

మెడలో టేపు వేసుకున్న అక్క నవ్వేస్తుంది. "తగ్గినాక రా పాపా, ఒక కుట్టేసి బిగిస్తా. ఇప్పుడే కత్తిరించినాననుకో, రేపు చాలకపోతే గుడ్డ యాడ నుంచి తెచ్చేది?"

బిగించడం అయిదు నిమిషాల పని. వదులు చేయాలంటే మాత్రం లోపల గుడ్డ ఉండాలి. మగ్గం వర్కు చేసిన జాకెట్టయితే మరీ కష్టం, పూసలూ జరీ పక్క కుట్టు దాకా వచ్చేసి ఉంటాయి. అందుకే చెయ్యి తిరిగిన టైలరు అడిగినా అడగకపోయినా లోపల అంగుళం గుడ్డ వదిలే కుడుతుంది. శరీరం మాట ఇచ్చినంత తేలిగ్గా నిలబెట్టుకోదని ఆమెకు అనుభవం చెప్పింది. అదే సంగతిని శాస్త్రం లెక్కలతో చెబుతుంది.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు తాంబూలాలు పుచ్చుకున్నాక ఆషాఢం, మూఢం పోగా మిగిలే ముహూర్తానికి ఒక్కోసారి నాలుగు నెలలు గడువుంటుంది, ఒక్కోసారి నలభై రోజులే. నిఖా తేదీ పెట్టుకున్న ఇళ్లలోనూ అంతే. తేదీ ఖాయమైన మర్నాటి నుంచే "పెళ్లికి పది కిలోలు తగ్గాలి" అనే పట్టుదల మొదలవుతుంది. ఆ పది ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు ఎక్కడి నుంచీ రాదు. చెప్పుకోవడానికి నిండుగా ఉండే అంకె, అంతే. లక్ష్యం పెట్టుకోవాల్సిన తీరు వేరు. ముందు వారాలు లెక్కపెట్టాలి, తర్వాతే కిలోలు.

కిలో కొవ్వు ఖరీదెంత?

మన ఒంట్లో కొవ్వు నిల్వ ఉండే కణజాలం ఒక కిలో తీసుకుంటే, అందులో కొంత నీరు పోగా దాదాపు 870 గ్రాములు అసలు కొవ్వు. గ్రాము కొవ్వుకు 9 కిలోకేలరీల శక్తి. అంటే ఒంటి మీది కిలో కరగాలంటే సుమారు 7,700 కిలోకేలరీల లోటు రావాలి. అమెరికా వైద్యుడు మాక్స్ విష్నోఫ్‌స్కీ 1958లో ఈ లెక్కను పౌండ్లలో చెప్పాడు, పౌండుకు 3,500 అని.

వారానికి అరకిలో తగ్గాలంటే 3,850, రోజుకు 550. ఇంట్లో రోజూ తినే తిండిలోంచి ఆరోగ్యం చెడకుండా తీయగలిగింది దాదాపు ఇంతే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాలు కూడా వారానికి అరకిలో తగ్గడమే క్షేమమంటాయి. బరువు తగ్గడానికి తినే తిండైనా రోజుకు 1,000 కిలోకేలరీలకు తక్కువ కాకూడదనీ అంటాయి. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. తిండి చాలక వచ్చే రోగాలను దశాబ్దాల పాటు చూసినవాళ్లు, తిండి మానేసి బరువు తగ్గమని చెప్పరు.

ఇక కూడిక తేలిక. ముహూర్తానికి ఆరు వారాలుంటే మూడు కిలోలు. పన్నెండు వారాలుంటే ఆరు. నాలుగు నెలలుంటే ఎనిమిది దాకా. ఇదీ పైహద్దే. విష్నోఫ్‌స్కీ లెక్కలో ఒక లొసుగు ఉందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో చూపించింది. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. జీతం కోత పడిన ఇల్లు ఖర్చులు కుదించుకున్నట్టే. మొదటి నెల తగ్గినంత నాలుగో నెల తగ్గకపోవడం మనిషి తప్పు కాదు, ఒంటి స్వభావం.

నడుము కొలత సగటున కిలోకు ఒక సెంటీమీటరు చొప్పున తగ్గుతుంది. మనిషిని బట్టి అటూ ఇటూ ఉంటుంది. టైలరును అడిగిన రెండంగుళాలంటే అయిదు సెంటీమీటర్లు, అయిదు కిలోలు, పది వారాలు. పెళ్లి నెల రోజుల్లోనే ఉంటే అది అయ్యే పని కాదని అక్కడికక్కడే తేలిపోతుంది. "చేతులు మాత్రం సన్నబడాల" అనే కోరికకైతే లెక్కే లేదు. కొవ్వు ముందు ఎక్కడ కరగాలన్నది వంశమూ హార్మోన్లూ నిర్ణయిస్తాయి. చేతుల వ్యాయామంతో చేతికి బలం వస్తుంది, అక్కడి కొవ్వే కరగాలని లేదు.

మొదటి వారం చేసే మోసం

ఇన్ని లెక్కలు చెబితే "మా చిన్నమ్మ కూతురు వారంలో మూడు కిలోలు తగ్గింది గదా" అంటారు. నిజమే, తగ్గి ఉంటుంది. తగ్గినదాంట్లో ఎక్కువ నీళ్లు.

కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. అన్నం మానేస్తే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే. అది పోతూ నీటినీ తీసుకుపోతుంది. కాటా మీద కిలోన్నర, రెండు కిలోలు తగ్గినట్టు కనబడుతుంది. మళ్లీ కడుపునిండా అన్నం తినడం మొదలుపెడితే అదంతా తిరిగి నిండుతుంది. ఉప్పు ఎక్కువైన పచ్చడి తిన్న మర్నాడు, నెలసరికి ముందు రోజుల్లో కిలో రెండు కిలోలు పెరిగినట్టు చూపించేదీ ఈ నీరే. రోజూ కాటా ఎక్కి సంతోషపడటం, ఏడవడం రెండూ దండగ. వారానికొకసారి, ఒకే వేళ, పరగడుపున చూసుకోవడం చాలు. నడుము చుట్టూ టేపు పెట్టి రాసుకుంటే ఇంకా మేలు.

వైశాఖంలో ఉదయగిరి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఎండలో ప్లాస్టిక్ బెల్టు కట్టుకుని చెమట పట్టిస్తే లీటరు చెమటకు కిలో తగ్గుతుంది. రెండు చెంబుల మజ్జిగ తాగితే తిరిగొస్తుంది. తాగకపోతే వడదెబ్బ వస్తుంది.

మరి కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుంది? చెమటగా పోతుందని కొందరు, విరేచనంలో పోతుందని కొందరు అనుకుంటారు. 2014లో రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క తేల్చారు. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. కొవ్వు మండినప్పుడు వచ్చే శక్తిని కణాలు ఏటీపీ అనే అణువులో పట్టి ఉంచుకుంటాయి. ఆ అణువును 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. ఊపిరి ద్వారా పోవాల్సిన సరుకును పొడులతో, కషాయాలతో కడుపులోంచి తోసెయ్యలేం. అలాంటి చాలా పొడులు చేసేది విరేచనాలు పట్టించడమే.

దుర్గం ఎక్కితే సరిపోదా?

ఉదయగిరి వాళ్లకు ఈ ప్రశ్న సహజం. ఊరి నెత్తిన సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తులో దుర్గం నిలబడి ఉంది. లెక్క వేసి చూద్దాం.

60 కిలోల మనిషి తన ఒంటిని 100 మీటర్లు పైకి చేర్చడానికి చేసే పని సుమారు 14 కిలోకేలరీలు. కండరాలు తమకందిన శక్తిలో పావు వంతుకు లోపే పనిగా మార్చగలవు, తక్కినదంతా వేడిగా పోతుంది. కాబట్టి ఒంటికి పడే ఖర్చు 60 కిలోకేలరీల దాకా ఉంటుంది. 500 మీటర్లు ఎక్కితే 300. ఆయాసపడుతూ కిందికొచ్చి రెండు లడ్లు నోట్లో వేసుకుంటే చెల్లుకు చెల్లు. కిలో కొవ్వు అంతా ఎక్కడం మీదే కరగాలంటే దాదాపు 12,800 మీటర్లు ఎక్కాలి. అది ఎవరెస్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు.

అలాగని కాళ్లు ముడుచుకుని కూర్చోమని కాదు. నడక, కొండెక్కడం, నీళ్ల బిందెలు మోయడం కండను కాపాడతాయి, చక్కెరను అదుపులో పెడతాయి, నిద్ర పట్టిస్తాయి, తగ్గిన బరువు తిరిగి రాకుండా చూస్తాయి. తగ్గించే పని మాత్రం ఎక్కువగా వంటింట్లోనే జరగాలి. కృష్ణదేవరాయలంతటివాడు 1513లో ఈ దుర్గాన్ని ముట్టడిస్తే గజపతుల చేతిలోంచి తీసుకోవడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. కోట గోడలకు నిచ్చెన వేసి ఒక్క రాత్రిలో గెలవలేదు, చుట్టూ కాచుకుని కూర్చున్నాడు. బరువు విషయంలోనూ దారి అదే.

గరిటెతో కొలత

ఉదయగిరి కొయ్య చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు. వాటిలో ఒక పెద్ద చెంచా తెచ్చి నూనె డబ్బా పక్కన పెట్టండి. మన ఇళ్లలో నూనె డబ్బా వంచి పోస్తాం, కొలవం. పెద్ద చెంచాడు నూనె అంటే 120 కిలోకేలరీలు. పొయ్యి మీద బాణలిలోకి రోజూ ఎన్ని చెంచాలు పోతున్నాయో మూడు రోజులు కొలిచి చూస్తే ఇంటిల్లిపాదికీ కళ్లు తెరుచుకుంటాయి.

మనిషి వాటాలో రెండు చెంచాల నూనె తగ్గితే 240. రెండు టీలలో రెండేసి స్పూన్ల చక్కెర మానితే 80. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె, అంటే 100 గ్రాములు, తగ్గిస్తే 130. సాయంత్రం ముప్పావు గంట చురుగ్గా నడిస్తే 110. మొత్తం 560. వారానికి అరకిలో వచ్చేసింది. ఇందులో పస్తు లేదు, కొన్న పొడి లేదు.

సంగటి గురించి ఒక మాట. "అన్నం మానేసి సంగటి తింటే చాలు, తగ్గిపోతారు" అనే నమ్మకం ఇప్పుడు బాగా పాకింది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 320 కిలోకేలరీలు, బియ్యంలో సుమారు 356. పెద్ద తేడా లేదు. తేడా అంతా పీచులో ఉంది. రాగుల్లో 11 గ్రాములు, తెల్ల బియ్యంలో మూడు గ్రాములకు లోపు. పీచు వల్ల కడుపు త్వరగా నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. దానికి తోడు కాల్షియం. కాబట్టి సంగటి మంచిదే, ముద్ద చిన్నదైతే. రెండు పెద్ద ముద్దలు, నేతి ధార, గిన్నెడు శెనక్కాయల పచ్చడితో తింటే లెక్క మొదటికొస్తుంది.

తగ్గించకూడనిది మాంసకృత్తులు. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, 60 కిలోల మనిషికి 50 గ్రాములు కావాలి. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరు, గుప్పెడు కందిపప్పులో ఏడు, 100 గ్రాముల సోమశిల చేపలో దాదాపు 18 గ్రాములు దొరుకుతాయి. ఇవి చాలకపోతే శరీరం కొవ్వుతో పాటు కండనూ కరిగించుకుంటుంది. కాటాకు ఆ తేడా తెలియదు. మనిషికి మాత్రం మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది.

అసలు ఎవరు తగ్గాలి?

భారతీయులకు ఎత్తు-బరువుల సూచిక (బీఎంఐ) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 155 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయికి 55 కిలోల దాకా మామూలు బరువే. 60 దాటితే తగ్గాలి. 44 కంటే దిగితే అది తక్కువ బరువు. నడుము ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు.

మనకు ఇంత తక్కువ హద్దు ఎందుకో ఒక ఫొటో చెబుతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటోను 2004లో లాన్సెట్ అచ్చువేసింది. ఇద్దరి సూచికా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనబడే మన ఒళ్లు పొట్టలోపల కొవ్వు దాచుకుంటుంది. అందుకే కాటా కంటే టేపు నిజం చెబుతుంది. ఈ మాట పెళ్లికొడుకులకు ఇంకా బాగా వర్తిస్తుంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో కుర్చీలో కూర్చుని పనిచేసి, పెళ్లికి పది రోజుల ముందు ఊరొచ్చే అబ్బాయి పొట్టను షేర్వాణీ దాస్తుంది. రక్తపోటును దాచదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 36 శాతం మంది సూచిక 25 లేదా అంతకు మించి ఉంది. దాదాపు 15 శాతం మంది ఉండాల్సినదాని కంటే సన్నగా ఉన్నారు. దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. మూడో అంకె మొదటి రెండు గుంపుల్లోనూ ఉంది. కాబట్టి పెళ్లి కుదిరిన అమ్మాయి మొదట తెలుసుకోవాల్సింది కిలోలు కాదు, హిమోగ్లోబిన్. అది 12కు తక్కువుంటే ముందు నెత్తురు పట్టించుకోవాలి. పరీక్ష దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. సూచిక మామూలుగా ఉన్నవాళ్లకు తగిన లక్ష్యం సున్నా కిలోలు.

అప్పు తీర్చే రోజు

పస్తులుండి తగ్గడం అప్పు లాంటిది. వడ్డీతో కట్టాల్సిన గడువు ఎప్పుడొస్తుందో వెంట్రుకలను చూస్తే తెలుస్తుంది.

తిండి ఒక్కసారిగా తగ్గితే శరీరం ప్రాణానికి అక్కర్లేని పనులు ఆపుతుంది. అందులో మొదటిది జుట్టు పెంచడం. ఎన్నో వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి. అప్పటికి ఏమీ కనబడదు. రెండు మూడు నెలల తర్వాత దువ్వెన నిండా రాలతాయి. పెళ్లికి మూడు నెలలుందనగా కఠినంగా కడుపు మాడ్చుకున్న అమ్మాయికి జుట్టు రాలే కాలం సరిగ్గా పూలజడ వేసే వేళకు వస్తుంది.

వారానికి కిలోన్నరకు మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశం పెరుగుతుంది. నెలసరి తప్పుతుంది. మనసూ దెబ్బతింటుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అర్ధాకలి తిండి పెట్టి పరీక్షించాడు. వాళ్లు బరువులో పావు వంతు పోగొట్టుకున్నారు, దానితో పాటు నవ్వునూ. దిగులు, చిరాకు, చలి, రాత్రింబవళ్లు తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు. పెళ్లింట్లో అందరూ పూర్ణాలు తింటుంటే ఒక్కరే దోసకాయ ముక్కలు నములుతున్న పిల్ల ఊరికే విసుక్కుంటుందంటే కారణం ఇదే.

2025లో కొత్త సూదిమందులు మన దేశంలోకి వచ్చాయి. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఊబకాయానికి డాక్టరు తేల్చి ఇవ్వాల్సిన మందులు, పెళ్లిఫొటోలకు కొనుక్కునేవి కావు. మోతాదు నెలనెలా మెల్లగా పెంచాలి. సెమాగ్లూటైడ్‌ను గర్భం ధరించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపెయ్యాలి. పెళ్లయిన ఏడాదికే ఉయ్యాల కోసం ఎదురుచూసే ఇళ్లలో ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

అందుకని క్యాలెండరు ఇలా దిద్దుకోవచ్చు. తేదీ పెట్టిన వారంలో టేపు, కాటా, హిమోగ్లోబిన్. వారాలను రెండుతో భాగిస్తే వచ్చే కిలోలు పైహద్దు. అందులో ముప్పావు వంతు అందినా గెలిచినట్టే. పెళ్లికి మూడు వారాల ముందు తగ్గే ప్రయత్నం ఆపెయ్యాలి. అప్పుడే టైలరుకు ఆఖరి కొలతలు ఇవ్వాలి. ఆ తర్వాత మేనత్త ఇంట్లో ఒక పూట, పెద్దమ్మ ఇంట్లో ఒక పూట భోజనాలకు పిలుస్తారు. కొత్త చీర పెట్టి విస్తరి వేస్తే అరిసె వద్దనడం బాగుండదు. తినాలి, ఒకటే తినాలి.

చివరి మాట పెళ్లికూతురికి కాదు, ఆమె చుట్టూ ఉన్నవాళ్లకు. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 343 మంది పెళ్లికూతుళ్లను పెళ్లికి ముందూ తర్వాతా పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. సగానికి పైగా తగ్గాలనుకున్నారు. పెళ్లి రోజుకు సగటు బరువులో మార్పు దాదాపు లేదు. ఆరు నెలలయ్యేసరికి సగటున రెండు కిలోలు పెరిగారు. అందరికంటే ఎక్కువ పెరిగింది, "నువ్వు కొంచెం తగ్గాల" అని ఎవరో ఒకరు చెప్పినవాళ్లు. పెళ్లి కుదిరిన పిల్ల ఈసారి మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ ఒక్క మాట మాత్రం అనకండి. గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, పెళ్లి పనులు ఎందాకా వచ్చాయో అడగండి.